తవ్వలో పట్టిన సోడా

1968 ఎండాకాలం. అప్పట్లో నేను విజయనగరంలో ఒక చిన్న రసాయన పరీక్షాశాలలో పనిచేసేవాడిని. సున్నం, ఎరువు, బావినీళ్లు, ఎవరేం తెచ్చినా పరీక్షించి కాగితం రాసివ్వడం మా పని. ఆనాటి డైరీల్లో నేను ఎక్కువసార్లు తిరగేసిన పేజీలు ఈ సంగతివే.

పొందూరు వైపు నుంచి ఒక నూలు శుద్ధి కేంద్రం మేనేజరు సోడా యాష్ పొట్లం పట్టుకుని వచ్చారు. నేతకు ముందు నూలు చిలపలను, అంటే నూలు కట్టలను, పెద్ద కాగులో సోడా కలిపిన నీళ్లలో ఉడకబెడితే జిడ్డు వదులుతుంది. వాటిని ఆడవాళ్లు జాడించి, పిండి ఆరవేస్తారు. కొద్దిరోజులుగా వాళ్ల చేతులు పుండ్లు పడుతున్నాయట.

"సోడాలో చర్మాన్ని కాల్చే కాస్టిక్ కలిసిందేమో చూడండి. కలవకపోతే తప్పు అప్పలస్వామిదే. కాగులో సోడా పొయ్యడానికి కొత్తగా పెట్టాం, కావాలనే ఎక్కువ పోస్తున్నాడని అనుమానం. వాణ్ణి పంపించేస్తాను" అన్నారు.

ఒక వస్తువు ఏదో తేల్చడానికి దాని డెన్సిటీ, అంటే సాంద్రత, మంచి గుర్తు. స్పెసిఫిక్ గ్రావిటీ బాటిల్ అని సన్నని రంధ్రమున్న బిరడాతో చిన్న గాజుసీసా ఉంటుంది. అందులో పొడి వేసి, పైన ద్రవం నింపి తూస్తే పొడి ఎంత చోటు ఆక్రమించిందో తెలుస్తుంది. సోడా నీళ్లలో కరిగిపోతుంది కనుక కిరసనాయిలు వాడాను. నీటికి రెండున్నర రెట్ల సాంద్రత వచ్చింది. సోడా యాష్‌కు ఉండవలసిందే అది. మిగతా పరీక్షలూ అదే చెప్పాయి. కాస్టిక్ లేదు.

ఇక ఎంత పడుతోందన్నది చూడాలి. పొడి రేణువుల మధ్య గాలితో సహా లెక్కగట్టేది బల్క్ డెన్సిటీ. గరాటులోంచి మెల్లగా కొలజాడీలోకి పోసి తూచాను. ఆ లెక్కన, వాళ్లు కొలతకు వాడే తవ్వ అనే పాత్రలో పట్టే సోడా కాగుకు సరిపోతుంది, హాని చేయదు. ఈ కాగితం చేతికిస్తే అప్పలస్వామి పని పోయినట్టే. పోసే మనిషిని చూడకుండా అది రాయబుద్ధి కాలేదు. మేనేజరుతో చెప్పి బస్సెక్కాను.

అప్పలస్వామి యాభై ఏళ్ల మనిషి. ఊళ్లో కల్లాల దగ్గర ధాన్యం కొలిచేవాడట. కాగు పక్కన చేతులకు కొబ్బరినూనె గుడ్డలు చుట్టుకుని పైడమ్మ కూర్చుని ఉంది. పిండేవాళ్లలో పెద్దామె.

"ఓ బావా! ఈ బాబు నీ సెయ్యి సూడ్డానికొచ్చినాడు. మా సేతులు సూసినాడు, ఇక నీదీ సూపించు" అంది.

"సూపిస్తాను. నా సెయ్యి ఏటి సేసినాది? తవ్వకి తవ్వే పోస్తన్నాను."

బస్తాలో తవ్వ ముంచి తీశాడు. నేలకు రెండుసార్లు కొట్టాడు. పొడి దిగింది. మళ్లీ పోసి అరచేత్తో అదిమాడు. పైన ఇంకా పోసి గోపురంలా నిలబెట్టాడు. కల్లంలో మొదటి కొలతను ఒకటి అనరు కదా, అలాగే "లాభం" అంటూ కాగులో వేశాడు.

"ఎందుకలా కొడుతున్నావు?"

"కొట్టకపోతే డొల్లగా ఉండిపోద్ది బాబూ. తక్కువ కొలిసినానని మా ఊళ్లో ఒక్కడిసేత సెప్పించండి. నూలుకి మాత్తరం తక్కువ సేస్తానా?"

"మునుపటి ఆయన ఎలా కొలిచేవాడమ్మా?" అని పైడమ్మను అడిగాను.

"ఆ ముసిలోడా? తోడీసి, పుల్లతో గీసీసి, పడీసీవోడు. ఒట్టి బద్దకం మనిషి!"

చిలపలు తూచే త్రాసు తెప్పించాను. అప్పలస్వామి కొలిచిన తవ్వ ఒక పళ్లెంలో, పుల్లతో గీసిన తవ్వ ఇంకో పళ్లెంలో పోశాం. అప్పలస్వామి వైపు నేలకు దిగిపోయింది. రెండోవైపు ఇంకో తవ్వ గీసి పోస్తే గాని దాదాపు సమం కాలేదు. ధాన్యం కొడితే కొంచెమే దిగుతుంది. మెత్తటి పొడిలో గాలి ఎక్కువ, కొట్టిన కొద్దీ దిగుతూనే ఉంటుంది.

అప్పలస్వామి త్రాసు వైపు చూశాడు. పైడమ్మ చేతుల వైపు మాత్రం చూడలేకపోయాడు.

"నిండుగా కొలిసినందుకే కాలినాయా బాబూ?"

"నీ కొలతలో దొంగతనం లేదు. కానీ ఈ పొడికి ఆ కొలత పనికిరాదు" అన్నాను.

అతను తవ్వ బోర్లించి లేచాడు. "నాను ఎల్లిపోతాను. ఇంకొకల్ని సూసుకోండి."

పైడమ్మే అడ్డుపడింది. "ఎక్కడికెల్తావు? మా సేతులు కాల్సీసి ఇంటికాడ కూకుంటావేటి? కూకో బావా. కొలవడం మానీసి తూసి పొయ్యి. ఇంకొకడొస్తే మల్లీ ఏటి సేస్తాడో!"

మేనేజరు తవ్వను లోపలికి పంపి, త్రాసును కాగు పక్కనే పెట్టించారు.

ఆ తర్వాత ఏ పొడి పరీక్షకు వచ్చినా, వదులుగా పోసినప్పుడు ఎంత, కొట్టి దింపినప్పుడు ఎంత అని రెండు అంకెలూ రాసేవాడిని. తెచ్చినవాళ్లను ముందుగా అడిగేది, "మీ దగ్గర దీన్ని ఎవరు పోస్తారు? ఎలా పోస్తారు?" అని.

నెల తర్వాత ఇంకో పని మీద ఆ దారిన వెళ్లి కేంద్రంలోకి తొంగిచూశాను. అప్పలస్వామి తూస్తున్నాడు. ముల్లు నిలబడింది. అలవాటుకొద్దీ అతని చెయ్యి బస్తాలోకి వెళ్లి, కొసరుగా గుప్పెడు సోడా తీసింది. పళ్లెం మీద క్షణం ఆగింది. ఎదురుగా పైడమ్మ, గుడ్డలు లేని చేతులతో, చిలప పట్టుకుని చూస్తోంది.

అతను గుప్పిట మళ్లీ బస్తాలోనే విప్పేశాడు.