రేకుల కింద నేర్చిన స్నాచ్

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ దాటితే ప్రతి పొలంలోనూ ప్లాట్ల రాళ్ళు మొలిచేవి, ప్రతి కుర్రాడికీ ఏదో ఒక పిచ్చి ఉండేది. నాది బరువులెత్తే పిచ్చి (నా సొంత బరువు తడి తలతో తూచినా యాభై రెండు కిలోలే). ఎల్.బి.నగర్ దగ్గర ఒక ఆసామి పొలం ప్లాట్లు చేసి అమ్మేసి, గేదెలనూ అమ్మేసి, ఖాళీ పడిన కొట్టంలో వ్యాయామశాల పెట్టాడు. ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవారు. కాలేజీ జట్టులో నా తూకానికి ఒక్కటే చోటు. అది దొరక్కపోతే మర్నాడే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పిస్తానని, గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చిన మా నాన్నగారు ఖాయంగా చెప్పేశారు.

స్నాచ్ అంటే రెండు చివర్లా బిళ్ళలు తొడిగిన బారును నేల మీంచి ఒక్క ఊపులో తల పైకి తీసుకెళ్ళడం. దాని కిందికి దూరడానికి రెండు పద్ధతులు: ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ చాపడం, లేదా పూర్తిగా గొంతుక్కూర్చోవడం. నాకు మొదటిదే నచ్చింది, అందులో మనిషి అందంగా కనిపిస్తాడు కాబట్టి (అద్దం ముందు చీపురుకర్రతో వారం రోజులు సరిచూసుకున్నాను). తీరా కొట్టంలో ఎత్తితే బారు బిళ్ళలు పైరేకుకు తగిలి, ఆ మోతకు పక్క పోర్షన్ వాళ్ళ పాప ఏడుపు లంకించుకుంది. గేదెల ఎత్తుకు వేసిన కప్పు మరి. బయట చేద్దామంటే ఎక్కడ చూసినా ఇటుకలూ ఇసుకా. ఉస్తాద్ తీర్పు చెప్పేశాడు.

“గీడ కాళ్ళు సాపుడు నడ్వది తమ్మీ. కూసునే పట్టు.”

“మరి లేవడం ఎలాగండీ?” అన్నాను.

“గది పోటీల సూస్కుందాం.”

అలా మూడు నెలలు కూర్చున్నాను. బారు కింద నా అంత చక్కగా కూర్చునేవాడు ఆ చుట్టుపక్కల లేడని ఉస్తాద్ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. కూర్చోవడం, బారు ముందుకు వదిలేయడం, చెమట తుడుచుకోవడం. అంతటితో స్నాచ్ పూర్తయినట్టే నాకు లెక్క.

ఎంపిక పోటీ కాలేజీ మైదానంలో పెట్టారు. నా తూకంలో వచ్చింది నేనొక్కణ్ణే, మూడు అవకాశాల్లో ఒక్కసారి సరిగ్గా ఎత్తితే చాలు. మొదటిసారి బారు కింద హాయిగా కూర్చుని, అలవాటుగా వదిలేసి, రిఫరీకి నమస్కారం కూడా పెట్టాను. లేచి నిలబడితేనే ఎత్తినట్టని ఆయన ఓపిగ్గా వివరించారు. రెండోసారి లేద్దామనే అనుకున్నాను గానీ, సగం లేచేసరికి మెడ దానంతటదే ముడుచుకుపోయి బారు వెనక్కి పడింది. జనం నవ్వారు. చూడ్డానికి వచ్చిన మా నాన్నగారు నవ్వలేదు, చేతి గడియారం చూసుకున్నారు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. మూడోసారి బారు పట్టుకుని కూర్చుని, కదలకుండా ఉండిపోయాను. ఉస్తాద్ అరవలేదు, పక్కన నిలబడి మామూలుగానే అన్నాడు.

“లే బిడ్డా. పైన ఆకాశమే ఉన్నది.”

లేచాను. చేతులు నిలిచాయి, చెల్లిందని రిఫరీ తెల్ల జెండా ఎత్తారు.

అప్పుడు తీసిన ఫొటో ఇంకా మా ఇంట్లో ఉంది. బరువేమో పైన నిక్కచ్చిగా నిలబడి ఉంటుంది, నేను మాత్రం రేకు తగులుతుందన్నట్టు తల దించుకుని ఉంటాను. ఆ కుర్రాణ్ణి చూస్తే నాకు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. చూసినవాళ్ళంతా ఏం తప్పు చేశావని అడుగుతారు. జీవితంలో నేను అంత గర్వపడ్డ క్షణం ఇంకొకటి లేదంటే మా ఆవిడ కూడా నమ్మదు.