పైకెక్కిన గీత

గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టే ముందు పెన్సిలు చెక్కుకోవాలన్న పుణ్యవతి టీచరు నియమంతో నానక్‌రామ్‌గూడ విద్యా చరిత్రలో కొత్త శకం మొదలైంది. అంతకుముందు ఆ సర్కారు బడిలో చుక్కలు ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు, కొందరైతే బాల్‌పెన్నుతో కూడా, పెట్టేవారు. ఆ చీకటి రోజులను తవ్వి లాభం లేదు.

టీచరుది తణుకు. చెప్పేది సైన్సు. నవంబరు నుంచి ప్రతి సోమవారం తొమ్మిదో తరగతి పిల్లలు తాడుకు బోల్టు కట్టి బడి బోరులోకి వదిలేవారు. ఎన్ని అడుగుల లోతున నీళ్లు తగిలాయో కొలిచి గ్రాఫులో వేసేవారు. పక్కన లేస్తున్న టవరు కోసం తవ్విన గోతిలోంచి రోజంతా నీళ్లు తోడిపోస్తున్నారు. నవంబరులో నూట యాభై అడుగులు. జనవరి చివరికి రెండు వందల ముప్ఫై నాలుగు. మోటారు దించింది రెండు వందల తొంభైకి.

రసజ్ఞ స్కేలు పెట్టి గీతను ముందుకు పొడిగించింది. "టీచర్, గిట్లనే పోతే మార్చి ఇరవై ఆరుకు మోటారుకు నీళ్లందయి."

"దీన్నే మోడల్ అంటారమ్మా. జరగకముందే చెబుతుంది."

"చెప్తే ఎవరింటరు టీచర్?"

ఆ ప్రశ్న సిలబస్‌లో లేదు.

నిరుడు ఎండాకాలం నీళ్లు లేక మరుగుదొడ్డికి తాళం పడింది. ఆడపిల్లలు బడి మానేశారు. అందుకే ఈసారి, కొత్త నల్లాలు ఏ బళ్లకివ్వాలో జాబితా రాసుకోవడానికి వచ్చిన ఆఫీసరు లింగయ్య సారును టీచరు నేరుగా ఆ గ్రాఫు ముందే నిలబెట్టింది.

ఆయన గీతను కింది నుంచి పైదాకా చూశాడు. ముఖం వికసించింది.

"ఏంది మేడం, నీళ్లు గింత పెరిగినయా! శభాష్."

"పెరిగింది లోతండి. నీళ్లు దిగిపోయాయండి."

"గీత పైకే పోతుంది గద?"

"అది పైకెళ్తే నీళ్లు కిందికెళ్లినట్టండి."

ఆయన ఆమెను జాలిగా చూశాడు. "జర ఫికర్ తగ్గించుకోండ్రి మేడం. పక్క బడిల అసలు గీతనే లేదు."

అప్పటికే ఆయన ఫోనులో తీసిన గ్రాఫు ఫొటో పైఅధికారుల వాట్సాప్ గ్రూపుకు చేరింది. చప్పట్ల బొమ్మలు కురిశాయి. "ఇప్పుడు తప్పని రాస్తే వాళ్ల చప్పట్లు తప్పన్నట్టు కాదామ్మా," అన్నాడు హెడ్మాస్టరు వెంకటనారాయణ. అయినా టీచరు గ్రాఫును తలకిందులుగా మళ్లీ గీయించి, మూడు ఉత్తరాలకు జతచేసి పంపింది. మూడో ఉత్తరానికి జవాబొచ్చింది: నీటి లభ్యత మెరుగుపడినందున ఈ పాఠశాల పేరును జాబితా నుంచి తొలగించడమైనది.

మార్చి ఇరవై నాలుగున మోటారు గాలి కక్కింది. లెక్కకు రెండు రోజుల తేడా; మోడల్ అంటే అంతకన్నా ఏం కావాలి.

ఆ వారం తొమ్మిదో తరగతి ఆడపిల్లలు పదకొండు మందిలో ముగ్గురు బడికి వచ్చారు.