నలభై మూడో భాగం

ఆర్మూర్ బస్టాండులో ఒకాయన నా పక్కన కూర్చుని పుస్తకం చదువుతున్నాడు. మార్కెట్‌లో పసుపు అమ్ముకొని వచ్చాడేమో, గోళ్లు పచ్చగా ఉన్నాయి. నేను తల తిప్పలేదు, కళ్లు మాత్రం తిప్పాను. ఏళ్లుగా వస్తున్న సాహస నవలల్లో అది నలభై మూడో భాగం. మా తాతలు కట్టించిన గడీ అమ్ముడైన రోజు నేను సగంలో వదిలేసింది అదే. పుస్తకాలన్నీ గడీతోపాటే పోయాయి.

ఆయన పేజీ తిప్పబోయి ఆగాడు. "అయిందా సార్? తిప్పాల్నా?"

"నేను చదవడం లేదు," అన్నాను.

ఆయన నవ్వి, పుస్తకాన్ని నావైపు జరిపి పట్టుకున్నాడు. "అన్నీ అబద్ధాలే సార్. గీ హీరో ప్రతి భాగంల సస్తడు, మల్ల లేస్తడు. తూటా తగిల్తే జేబుల ఏదో ఒకటి అడ్డమొస్తది."

"మరి ఎందుకు చదవడం?"

"మా ఇంట్ల పోయినోళ్లు ఎవ్వలూ మల్ల రాలే సార్. గీయనన్న వస్తడు గదా."

ఇంతలో ఏర్గట్ల బస్సు వచ్చింది. ఆయన లేచి పుస్తకం నాకు అందించాడు. "నేను మస్తుసార్లు చదివిన. మీరు ఉంచుకోన్రి."

ఒకరి చేతి నుంచి ఊరికే తీసుకోవడం మా ఇంట్లో లేదు. వద్దన్నాను. ఆయన దాన్ని బెంచీ మీదే పెట్టి బస్సెక్కాడు.

నా బస్సు వచ్చేదాకా నేను దాన్ని ముట్టుకోలేదు. లేచి నడుస్తుంటే బస్టాండు ఊడ్చే ఆమె పిలిచింది. "ఓ సారూ, మీ బుక్కు మర్సిపోతున్రు!"

"నాది కాదు," అన్నాను.

ఆ తర్వాత ఎన్ని పాత పుస్తకాల దుకాణాల్లో అడిగానో! నలభై రెండు ఉంటుంది, నలభై నాలుగు ఉంటుంది.