టీచరమ్మ మార్చి చదివిన కథ

టీవీలో నేరవార్తల డప్పు మోత మొదలైతే చాలు, నా చెయ్యి రిమోట్ కోసం వెతుక్కుంటుంది. నిన్నా అంతే. చున్నీతో ముఖం కప్పుకున్న ఒక పిల్లను పోలీసు జీపులోంచి దింపుతుంటే, వెనక ఎవడో గొంతు చించుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది. టీవీ కట్టేశాక ఆ నిశ్శబ్దంలో సత్యవతి టీచరమ్మ గుర్తొచ్చారు.

డెబ్భైల మొదట్లో నేను ఖరగ్‌పూర్‌కు కొత్త కోడలిగా వెళ్ళాను. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో మా పక్క క్వార్టరు ఆవిడది. బడిలో చిన్నపిల్లలకు తెలుగు చెప్పేవారు. ఆదివారం మధ్యాహ్నం వాకిట్లో చాప పరిచి డిటెక్టివ్ నవల పైకి చదివేవారు. మా క్వార్టర్ల లైనులోని ఆడవాళ్ళం బియ్యం ఏరుకుంటూ వినేవాళ్ళం. ప్రతి నవలలోనూ నల్ల కారు, మత్తుమందు రుమాలు ఉండాల్సిందే. స్పృహ తప్పిన పిల్లను ముఠా ఎత్తుకుపోతుంటే నేను ఊపిరి బిగబట్టేదాన్ని.

ఆ చలికాలంలో వెనక లైను గౌరిని పోలీసులు కలకత్తా నుంచి తీసుకొచ్చారు. కుట్టుపని ఇప్పిస్తానని, ఇంటికి వచ్చిపోయే ఒకావిడ తీసుకెళ్ళి అమ్మేసిందట. పేపరువాళ్ళు మాత్రం ముఠా అనీ, మత్తుమందు అనీ రాశారు. నిజం లైనంతటికీ తెలుసు. ఆవిడను నమ్మి రైలెక్కించింది కన్నతండ్రే.

"మత్తూ లేదు, కారూ లేదు. దాని కాళ్ళతో అదే ఎల్లినాది గదేటి," అంది ఎదురింటి నూకాలమ్మ. అందరి నోటా అదే మాట. గౌరి గడప దాటడం మానేసింది. పంపు దగ్గరికి నీళ్ళకు కూడా తల్లే వచ్చేది.

ఒక ఆదివారం టీచరమ్మే వెళ్ళి, గౌరిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చాప మీద కూర్చోబెట్టారు. ఎవరూ పలకరించలేదు. ఆవిడ పుస్తకం తెరిచారు.

"ఆ పిల్ల తెలిసిన అత్తతో నవ్వుతూ రైలెక్కింది. తల్లి పూరీలు కట్టి ఇచ్చింది. నమ్మడం ఆమె తప్పు కాదు, నమ్మించినవాళ్ళది తప్పు, అన్నాడు డిటెక్టివ్."

ఇదేం డిటెక్టివ్ నవలా అని పేజీలోకి తొంగిచూశాను. అక్కడ నల్ల కారు దూసుకుపోతూనే ఉంది. టీచరమ్మ వేలు మాత్రం తడబడకుండా అక్షరాల కింద నడుస్తోంది.

కాసేపటికి గౌరి నోరు విప్పింది. "మాయమ్మ కూడా పూరీలే కట్టినాది. సగం ఆవిడికే పెట్టినాను."

చేటల చప్పుడు ఆగిపోయింది. నూకాలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, తన చేటలో బియ్యం సగం గౌరి ముందు పోసింది. "రాళ్ళు సూసి ఏరమ్మా," అంది.

అందరూ వెళ్ళాక ఉండబట్టలేక అడిగాను. "పుస్తకంలో అలా లేదు కదండీ?"

ఆవిడ చాప చుడుతూ అన్నారు: "రాసినాయనకి గౌరి తెల్దు గదమ్మా. మనకి తెలుసు."

ఇప్పుడు మా ఆయనకు చూపు ఆనడం లేదు. పొద్దున్నే పేపరు నేనే చదివి వినిపిస్తాను. నిన్న టీవీలో చూపించిన ఆ పిల్ల వార్తే ఇవాళ వచ్చింది. 'ప్రలోభపడి ఇల్లు దాటిన యువతి' అని పెద్ద అక్షరాలు. పని ఇప్పిస్తామని తెలిసినవాళ్ళే తీసుకెళ్ళి మోసం చేశారన్నది కింద చిన్న అక్షరాల్లో. వేలు ఆ పెద్ద అక్షరాల కిందే పెట్టి, "పని చేసుకుని బతుకుదామని, తెలిసినవాళ్ళను నమ్మి వెళ్ళిన పిల్ల," అని చదివాను.

"అలాగే రాశారా?" అన్నారాయన.

"ఆఁ," అని కింది వరసలోకి వెళ్ళాను.