డబ్బా చూసి వకీలును ఎంచుకున్న వైనం

"ఈ లిఫ్టు ఓనర్లది. మీది వెనకాల ఉంది."

"వెనకది నాలుగు రోజుల సంది చెడిపోయి ఉంది సార్."

"రిపేరుకి చెప్పాం. అందాకా మెట్లున్నాయిగా?"

"మెట్లు మీ కుక్కకు లేవా సార్?"

ఈ చివరి మాట నాదే. ఎదురుగా ఉన్నది మేము పనిచేసే అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ, ఆయన పక్కన గోడ మీద "పనివాళ్లు ఈ లిఫ్టు ఎక్కరాదు" అన్న బోర్డు. కోస్తా వైపు మనిషి, సర్కారు కొలువు చేసి దిగినాయన. ఎవరితో మాట్లాడినా "అండి" లేకుండా మాట పూర్తి చేయడు. పేపరు వేసేవాడితో కూడా "రేపు కాస్త ముందు రండి" అనేవాడు. ఆయన కుక్కను సైతం "రామ్మా బంగారం" అని పిలుచుకునేవాడు. పనిమనుషుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ "అండి" ఎక్కడ దాక్కునేదో, "ఏయ్" ఒక్కటే మిగిలేది.

ఆ రోజుల్లో హైటెక్ సిటీ చుట్టుపక్కల పునాది తవ్వని జాగా లేదు. ఒక టవరు లేవడం, పక్కనే ఇంకొకటి దాన్ని మించి లేవడం, అందులో వంటకు మనుషులు కావాలనడం. అందరికీ కొలువు ఇరవై ఏళ్లకు దొరికితే నాకు నలభై రెండుకు దొరికింది (అప్పటిదాకా చేసినది పని కాదు కాబోలు, ఎవరూ లెక్కలో వేయలేదు). లింగంపల్లి నుంచి నేనూ, మా తమ్ముడి భార్యా రోజూ తెల్లవారగానే బయలుదేరేవాళ్లం. నాకు పన్నెండో అంతస్తులో వంట, దానికి పదకొండులో అంట్లు, ఊడుపు. నేను చదివింది మూడో తరగతి. అయినా మెట్లు లెక్కపెట్టడానికి ఆ చదువు చాలు. ఒక్కో అంతస్తుకు ఇరవై రెండు.

అసలు సంగతి నా మోకాళ్లు కాదు. మా మరదలికి ఆరో నెల. అంతకుముందు ఒకసారి కడుపు పోయి, మూడేళ్లకు మళ్లీ నిలిచింది. దవాఖానలో డాక్టరమ్మ మెట్లెక్కితే ఊరుకోనని గట్టిగా చెప్పింది. పనికి నాలుగు రోజులు పోకపోతే ఆ ఇంట్లోవాళ్లు ఇంకొకరిని పెట్టుకుంటారు. అందుకని దాన్ని కింద పార్కింగులో కూర్చోబెట్టి, పదకొండులో అంట్లు తోమి, పన్నెండులో వంట చేసి, నేనే తిరుగుతున్నాను. (పార్కింగులో ఎందుకంటే తోటలో బల్లల మీద మేము కూర్చోకూడదు. అదింకో బోర్డు.) నాలుగో రోజు ఆయన కుక్క ముందు లిఫ్టులోంచి తోక ఊపుకుంటూ దిగడం చూశాక, నా నోరు నా మాట వినలేదు.

ఆ సాయంత్రం గేటు బయట కూలబడి ఆలోచించాం. మాతో వంట చేసే ఒకామె ఉండేది, ఆమెను మేమంతా మైకక్క అనేవాళ్లం. ఆమె గుసగుసలాడితే రెండు టవర్లకు వినపడేది.

"వకీలును పెడ్దాం. గిదేమన్న వాళ్ల తాతల జాగీరా?" అంది మైకక్క.

"వకీలంటే మనకేం ఎరుక? ఎవరు మంచోడో ఎట్ల తెలుస్తది?" అంది మరదలు.

"గొంతు పెద్దగున్నోన్ని పట్టాలె. జడ్జి ఉలిక్కిపడాలె!"

"గొంతు కావాలంటే నువ్వే ఉన్నవు కదనే. మల్ల వకీలెందుకు?" అన్నాను. చందానగర్ అంగడిలో బెండకాయ కొస విరిచి చూడకుండా సంచిలో వేయని దాన్ని నేను. వకీలును మాత్రం చూడకుండా ఎట్లా తెచ్చుకుంటాను? నా దగ్గర ఒక కొలబద్ద ఉండేది. ఎవరింట్లోనైనా ఒక వారం అంట్లు తోమితే ఆ ఇంటివాళ్ల గుణం నాకు తెలిసిపోయేది. కంచంలో అన్నం వదిలేవాడు మాట కూడా సగంలో వదిలేస్తాడు. గిన్నె ఊడ్చి తినేవాడు పట్టిన పని వదలడు. దీనికి మినహాయింపు లేదని అప్పట్లో నా గట్టి నమ్మకం. "మధ్యాహ్నం అన్నాలవేళ కోర్టుకు పోదాం" అన్నాను.

మర్నాడు నేనూ మైకక్కా పోయాం. కోర్టు ఆవరణలో రేకుల షెడ్డు కింద నల్లకోట్లవాళ్లంతా డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. మైకక్క గొంతులు వింటోంది, నేను డబ్బాలు చూస్తున్నాను. ఒకాయన మమ్మల్ని చూడగానే తనే లేచి వచ్చి, సంగతి ఏమిటో అడగకుండానే "ఖాయంగా గెలిపిస్తానమ్మా, ఫికర్ చేయకండి" అన్నాడు. ఆయన డబ్బాలో రెండు చపాతీలు కొరికి వదిలేసినవి ఉన్నాయి. వద్దనుకున్నాను. ఒక చిన్నది, కాలేజీ పిల్లలా ఉంది, పెరుగన్నం నాలుగు ముద్దలు తిని, మూత పెట్టేసి పరుగెత్తింది. సగం డబ్బా అట్లాగే ఉంది. ఆమెను చూస్తే నాకు ఒళ్లు మండింది. "తల్లి పొద్దుగాల లేచి కట్టిస్తే గిట్లనా?" అని మైకక్కతో అన్నాను కూడా.

ఒక మూలన మాత్రం ఒక పెద్దాయన కూర్చున్నాడు. మెతుకు మిగల్చకుండా తిన్నాడు. డబ్బా కడిగాడు. ఆ నీళ్లు కూడా పారబోయకుండా గోడ పక్క మొక్కకు పోశాడు. జేబురుమాలుతో డబ్బా తుడిచి, నల్లకోటు చేతి మీద వేసుకుని లేచాడు. నాకు కళ్లనీళ్లు తిరిగినంత పనైంది. "ఈయనే" అన్నాను.

ఆయన మమ్మల్ని బల్ల మీద కూర్చోబెట్టాడు. గంటసేపు చెప్పాం. లిఫ్టు, కుక్క, తోటలో బల్ల, పదకొండో అంతస్తు, ఆరో నెల, డాక్టరమ్మ, అన్నీ. ఒక్క మాటకూ అడ్డు రాకుండా ముత్యాల్లాంటి రాతతో నాలుగు పేజీలు రాసుకున్నాడు. మైకక్కకు కూడా ఆయన నచ్చాడు (అంతసేపు ఆమె మాట ఆమె మొగుడు కూడా విని ఉండడు).

"మంచిదమ్మా. మేడం రాగానే చూపిస్తా" అన్నాడు చివరకు.

"ఏ మేడం?"

"వకీలు మేడం. నేను ఆమె గుమాస్తానమ్మా."

"మరి ఆ కోటు?"

"ఆమెదే, రెండో కోటు. ఇస్త్రీకి ఇచ్చి తెచ్చిన."

మైకక్క నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అంతలో ఆ మేడం రానే వచ్చింది. పెరుగన్నం వదిలేసి పరుగెత్తిన పిల్ల! "మధ్యల కేసు పిలిచిన్రమ్మా. ఈమెను తిననిచ్చిన రోజేది?" అన్నాడు గుమాస్తా. ఆమె నిలబడే డబ్బా మూత తీసి, ఒక చేత్తో మా నాలుగు పేజీలు చదువుతూ, రెండో చేత్తో ఎండిపోయిన ఆ పెరుగన్నం తినసాగింది. అడుగు దాకా తిన్నది. నేను తల దించుకున్నాను. కానీ ఒకసారి మోసపోయాను కదా, ఈసారి డబ్బాను నమ్మదలచుకోలేదు. మూడో తరగతి తెలివితో ఒక ప్రశ్న అడిగాను.

"మీ ఇంట్ల పనిచేసే ఆమె ఏ లిఫ్టు ఎక్కుతది బిడ్డా?"

ఆమె చివరి ముద్ద నమలడం ఆపింది. "మాదీ టవరేనమ్మా. కానీ నేనెప్పుడూ చూడలేదు" అంది.

"చూసి చెప్పు. అప్పుడు మాట్లాడుకుందాం."

దారి పొడుగునా మైకక్క తిట్టింది. "వకీలుకు పరీక్ష పెడ్తవా? నీకేమన్న తెలివున్నదా! ఇగ ఆమె మన మొకం చూస్తదా?" బస్సులో ఉన్నవాళ్లంతా విన్నారు. ఇంటికి వచ్చాక నాకూ భయమేసింది. మరదలు కాళ్లు వాచి, గోడకు ఆనుకుని కూర్చుంది. "వదినా, రేపు నేనే మెల్లగ ఎక్కుతా. నీ మోకాళ్లు కూడ మోకాళ్లే కదా" అంది. దాన్ని కసిరి పడుకోబెట్టాను కానీ, ఉన్న ఒక్క మంచి వకీలునూ నా పెంకితనంతో పోగొట్టానేమో అని నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున ఫోను వచ్చింది. "వెనక లిఫ్టేనమ్మా" అంది ఆ పిల్ల. "నాలుగేళ్లుగా మా ఇంట్లో చేస్తోంది. నేను ఒక్కసారీ అడగలేదు. ఈ రోజు నాతో ముందు లిఫ్టులో ఎక్కించాను. భయపడి మూలకు నిలబడింది." మళ్లీ తనే అంది, "మీ పని నేను చేస్తాను. కానీ ఒక మాట. కోర్టుకు పోతే పుట్టబోయే బిడ్డ బడికి వెళ్లే వయసు వస్తుంది. ముందు సంఘానికి ఒక ఉత్తరం రాస్తాను, వాళ్ల మీటింగుకు నేనే వస్తాను. గెలుస్తామని మాత్రం ఇప్పుడే చెప్పలేను." అప్పుడు తెలిసింది నాకు, మంచి వకీలంటే ఎవరో. ఫీజు మాటెత్తితే మధ్యాహ్నం డబ్బా పంపమంది. బీరకాయ పచ్చడి, పప్పు పంపుతానన్నాను, మిగిలిస్తే మాత్రం ఊరుకోనని కూడా చెప్పాను.

ఆదివారం సాయంత్రం మీటింగు. మేము గుమ్మం దగ్గర నిలబడ్డాం. సెక్రటరీ లేచి, "వాళ్ల మంచికేనండీ. వెనక లిఫ్టులో అయితే సామాన్లతో, బకెట్లతో హాయిగా వెళ్లొచ్చని" అన్నాడు. వకీలు పిల్ల ఎంతో మర్యాదగా, "అంత హాయైనది మీరెందుకు వదులుకోవాలండీ? అది బాగయ్యాక ఒక నెల మీరందరూ వాడండి. ముందుది వీళ్లకిద్దాం" అంది. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత తన ఇంటి సంగతీ, తాను అడగని నాలుగేళ్ల సంగతీ దాచకుండా చెప్పింది. అప్పుడు చాలామంది నేల చూపులు చూశారు. ముందు లిఫ్టు అందరికీ అన్నదానికి పదకొండో అంతస్తు ఆమె మొదట చెయ్యెత్తింది. తర్వాత ఒక్కొక్కటే చేతులు లేచాయి. సెక్రటరీ చెయ్యి లేవలేదు. కానీ లేచినవి ఎక్కువే. మైకక్క రెండు చేతులూ ఎత్తింది (ఆమెకు ఓటు లేదు).

మర్నాడు పొద్దున మరదలు ముందే పైకి వెళ్లిపోయింది. నేను ఏడింటికి వచ్చేసరికి లిఫ్టు పక్క గోడ మీద బోర్డు లేదు, నాలుగు మేకుల గుర్తులున్నాయి. ఎక్కాను. తలుపు మూసుకుంది. ఎదురుగా నిలువెత్తు అద్దం. వెనక లిఫ్టులో రేకు తప్ప ఏమీ ఉండదు. మా ఇంట్లో ఉన్నది అరచేయంత అద్దం, అందులో బొట్టు వరకే కనిపిస్తుంది. తల నుంచి చెప్పుల దాకా నన్ను నేను చూసుకోవడం అదే మొదలు. ఇంత బక్కగా, ఇంత కోపంగా ఉంటానా అనుకున్నాను. కొంగు సవరించుకున్నాను. ఒకసారి నవ్వి చూసుకున్నాను, పర్వాలేదనిపించింది. ఈ వేడుకలో బటన్ నొక్కడం మరిచిపోయాను. లిఫ్టు కదలనే లేదు.

తలుపు మళ్లీ తెరుచుకుంది. సెక్రటరీ, కుక్క. కుక్క లోపలికి వచ్చి నా కాలి దగ్గర కూర్చుంది. ఆయన ఒక క్షణం ఆగి తనూ ఎక్కాడు. ఒక్కటీ వెలగని బటన్ల వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఎన్నో ఫ్లోరండీ?" అన్నాడు.

"పన్నెండు" అన్నాను. ఆయనే నొక్కాడు.