మెట్లెక్కిన ముసలావిడ

కెనడాలోని హాలిఫాక్స్‌లో యానిమేషన్ చదివేటప్పుడు మా క్లాసులో ఒక వరంగల్ అక్క ఉండేది. ఏ నడకైనా ముందు తను నడిచి చూడనిదే గీసేది కాదు. సామాన్లతో మెట్లెక్కే ముసలావిడ షాట్ కోసం రెండు బియ్యం సంచులు మోస్తూ మా అపార్ట్‌మెంట్ మెట్లు వారం రోజులు ఎక్కింది.

"మనం మోయకుంటె బొమ్మకు బరువెట్ల వస్తది తమ్మీ?" అనేది. నేను కుర్చీలో కూర్చుని మనస్ఫూర్తిగా ఏకీభవించేవాణ్ణి.

ఆ షాట్ మేమిద్దరం కలిసి చేసిన చిన్న సినిమాలోది. ఉద్యోగాలకు చూపించే రీల్‌తో పాటు, అందులో ఎవరు ఏ షాట్ చేశారో రాసివ్వడం మా పనిలో పద్ధతి. నేను రాయలేదు. మరిచిపోయానని నన్ను నేను బాగానే నమ్మించుకున్నాను. ఉన్న ఒక్క ఉద్యోగానికి మనిషిని ఎంచుకోవడానికి కాలేజీకి వచ్చిన స్టూడియో ఆయన, నా రీల్ చూస్తూ సరిగ్గా ఆ షాట్ దగ్గరే ఆగి, "ఇది నీదేనా?" అన్నాడు. అక్క పక్కనే ఉంది. తలూపాను.

ఉద్యోగం నాకే వచ్చింది. అక్క ఫెర్రీ పడవ దాకా నాతో నడిచొచ్చి, "ముసల్ది మంచిగ ఎక్కింది గదా," అంది. అంతే.

ఇప్పుడు నా బొమ్మలు బరువు లేక గాల్లో తేలుతున్నాయంటారు స్టూడియోలో. బియ్యం సంచి ఎత్తుకుని మెట్లెక్కుతుంటాను. "అక్క చేసింది" అనడానికి ఆ రోజు ఒక్క సెకను చాలేది. మా లెక్కలో ఇరవై నాలుగు బొమ్మలు.