బాలకిషన్ బస్సులో మనుషులు

ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరైన బాలకిషన్‌కు ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాలేదు. సంతోష్‌నగర్‌లో వాళ్ల ముందు గదిలోనే భార్య పుష్పమ్మ పాలూ పెరుగూ అమ్ముతుంది. ఆ గదిలోనే కిటికీ పక్కన బల్ల వేసుకుని, తాను తిరిగిన సిటీ బస్సును మూరెడు పొడవున రేకుతో చేశాడు. సీట్లు, కడ్డీలు, ఫుట్‌బోర్డు అన్నీ కుదిరాయి. చిక్కంతా మనుషులతోనే వచ్చింది.

పైపుల లీకులకు పెట్టే ఎమ్‌సీల్ ముద్దతో బొటనవేలంత మనుషులను చేసి, సన్న కుంచెతో ముఖాలు వేశాడు. తెల్లటి కళ్లు, మధ్యలో నల్లచుక్క, ఎర్రటి పెదవులు. అందరినీ సీట్లలో కూర్చోబెట్టి భార్యను పిలిచాడు.

పుష్పమ్మ వంగి చూసింది. "ఏందయ్యా, అందరు గిట్ల బెదిరిపోయిన్రు? బ్రేకులేమన్న ఫెయిలైనయా?"

బాలకిషన్ ముఖం చిన్నబోయింది. కానీ ఆమె అన్నది నిజమే. ఇన్నేళ్లూ జనం మధ్యే తిరిగినా, ఒక్క ముఖాన్నీ నిదానంగా చూసే తీరిక అతనికి దొరకలేదు.

మర్నాడు కోఠి బస్సెక్కి, డ్రైవర్ వెనక కడ్డీకి ఆనుకుని జనం వైపు తిరిగి నిలబడ్డాడు. నాలుగు సీట్ల అవతల ఎవరి కంట్లోనూ తెలుపు కనబడలేదు. పైరెప్ప కింద నల్లటి గీత, అంతే. కింద నీడ పడితేనే అది పెదవని తెలుస్తోంది.

మొదటి సీట్లో టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకున్న అమ్మాయి కసిరింది. "కాకా, ఏంది గట్ల చూస్తున్నవ్?"

బాలకిషన్ కంగారుగా జేబులోంచి రుమాలు తీసి, అందులో చుట్టిన బొమ్మను చూపించాడు. "తప్పుగ అనుకోకు బిడ్డా. మొకం ఎట్లెయ్యాల్నో సమజైతలేదు. గందుకే చూస్తున్న."

ఆమె బొమ్మను అరచేతిలోకి తీసుకుని ఫక్కున నవ్వింది. "నా పేరు ప్రీతి. నన్ను గూడ నీ బస్సుల ఎక్కియ్యి కాకా. జర కిటికి సీటియ్యి."

ఇంటికొచ్చి పాత ముఖాలన్నీ గీకేశాడు. చామనఛాయ పూసి, కనుగుంటల్లో, గడ్డం కింద ముదురు రంగును నీళ్లలా పలచగా పారించాడు. ఆరాక నుదుటి మీద, చెంపల మీద లేత రంగు అద్దాడు. కంటికి ఒక్కటే గీత. మొదటి రెండూ పాడయ్యాయి. ఆ తర్వాతది నవ్వు ఆపుకుంటున్న అమ్మాయిలా వచ్చింది. ఆ బొమ్మను బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాడు.

పుష్పమ్మ ఈసారి చాలాసేపు చూసింది. "గీ పిల్ల ఇప్పుడే ఏమో అనేటట్టున్నదయ్యా." మిగతా సీట్లన్నీ వెతికి అడిగింది, "మరి నేనేడున్న?"

"కూసో, ఇప్పుడే ఏస్త."

స్టూల్ మీద కూర్చుంది గానీ, కదలకుండా ఉండడం ఆమె వల్ల కాలేదు. ఎవరైనా వచ్చి పెరుగడిగితే లేచేది, వచ్చినవాళ్లతో మాట్లాడుతూనే మళ్లీ వచ్చి కూర్చునేది. చివరికి ఆమెను నోరు సగం తెరిచి ఎవరినో పిలుస్తున్నట్టే వేశాడు.

ఆమె బొమ్మను వెలుగులోకి పట్టుకుని చూసుకుంది. "మస్తుగున్నది గానీ, నేను గింత లొల్లి పెడ్తనా?"

బాలకిషన్ నవ్వి, ఆ బొమ్మను తీసుకుని బస్సులో ముందు సీట్లో కూర్చోబెట్టాడు. సాయంత్రం పాలకొచ్చిన వాళ్లందరికీ పుష్పమ్మే పిలిచి మరీ బస్సు చూపించింది. పక్కింటి మురళి తననూ ఎక్కించమన్నాడు. బాలకిషన్ అతన్ని భుజాలు పట్టుకుని ముఖం మీద వెలుగు పడేలా కిటికీ వైపు తిప్పి, కుంచె కడిగి చేతికి తీసుకున్నాడు.